మోరీలో పడ్డ గుండెలు

గజాలాకు కోపం వస్తే అరవదు. ఆమెతో వచ్చే చిక్కంతా అదే. అరిచేవాళ్ళ కోపం అరుపుతోనే పోతుంది. మనం చెవులు దులుపుకొని మన పని చూసుకోవచ్చు. గజాలా అట్లా కాదు. కోపాన్ని కడుపులో పెట్టుకొని, వేళకింత తిండి పెట్టి, పెంచి పెద్దచేస్తుంది. ఏళ్ళ తరబడి అట్లా పెంచిన పగను మొన్న ఫిబ్రవరిలో నల్లగొండకు తోలుకొచ్చి మా కాలేజీ గేటు లోపల విడిచిపెట్టింది. నేను పక్కనే ఉండి చూశాను. చూసి సంతోషించాను కూడా, దాచుకునేదేముంది.

నా పేరు శోభ. నల్లగొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. కాలేజీ పేరు మాత్రం అడగకండి, నా జీతం ఇంకా అక్కడి నుంచే రావాలి. తెలంగాణ వచ్చిన కొత్తలో గజాలా మా దగ్గర జువాలజీ లెక్చరర్‌గా చేరింది. నార్కట్‌పల్లి చౌరస్తాలో, హైదరాబాదు బస్సులు ఆగేచోట, వాళ్ళ నాన్న ఖాసింకు మటన్ దుకాణం ఉంది. ఆ ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి మనిషి గజాలాయే. ఆమె ఎమ్మెస్సీ పాసైన రోజు ఖాసిం దుకాణం మూసి, కత్తులు కడిగి పెట్టి, చౌరస్తా అంతా తిరిగి మిఠాయి పంచాడట.

మా కాలేజీ అంటే పైన పటారం, లోన లొటారం. గేటు మీద ర్యాంకులు వచ్చిన పిల్లల ఫోటోలతో ఫ్లెక్సీ, లోపల తాళం వేసిన ల్యాబు. ఆ తాళంచెవి కరస్పాండెంట్ పరశురాములు సారు సొరుగులో ఉండేది. ఆయన కూడా జువాలజీ ఎమ్మెస్సీయే. ఒకప్పుడు చాక్‌పీసు పట్టి పాఠం చెప్పినవాడే. కాలేజీ పెట్టాక ఆయనకు జీవశాస్త్రమంటే బిట్లు, బిట్లంటే సీట్లు. ల్యాబులో గడిపే గంట ఆయన లెక్కలో పారబోసిన పాలు.

గజాలా చేరిన వారానికే ఆ తాళంచెవి అడిగి తీసుకుంది. బూజు దులిపి, మైక్రోస్కోపులు తుడిచి, సెకండియర్ బైపీసీ పిల్లలను లోపలికి పిలిచింది. మొదటి పాఠం కణం కాదు, మైక్రోస్కోపును ఎత్తుకోవడం.

"ఒక చెయ్యి మెడకు, ఒక చెయ్యి అడుక్కు. సంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకోవాలె. చంకల పెట్టుకొని ఉరికితే ఊకోను" అనేది.

తరువాత ఉల్లిగడ్డ పొర. పొరను నీటిబొట్టులో పరిచి, పైన అద్దపుబిళ్ళను ఏటవాలుగా దించాలి. మన పిల్లలకు ఆ ఓపికెక్కడిది? టప్పున వేశారు, గాలిబుడగలు పట్టాయి. ఎవరి కాగితం చూసినా నల్లటి అంచున్న గుండ్రటి బుడగ, పుస్తకంలో ఉంటుంది గదా అని దాని నడుమ కేంద్రకం. గజాలా కండ్లల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"గాలికి కేంద్రకం పెట్టిండ్రు గదరా! సదివింది గాదు, కండ్లకు కనవడ్డది గియ్యుర్రి. కనవడకుంటే కనవడలేదని రాయుర్రి. దానికి గూడ మార్కులేస్త."

ఈ మాట గుర్తుంచుకోండి, దీంతో పని ఉంది.

గుండె పాఠం వచ్చినప్పుడు ఆమె నార్కట్‌పల్లి నుంచి మేక గుండెలు తెచ్చేది. మామూలుగా దుకాణంలో గుండెను కోస్తే పైనున్న రక్తపు గొట్టాలను మొదలుకే తెంపేస్తారు, వండుకునేవాళ్ళకు అవెందుకు? కూతురు అడిగిందని ఖాసిం ఆ గొట్టాలను పొడుగ్గా విడిచి కోయడం అలవాటు చేసుకున్నాడు. "పిల్లల సదువుకు" అని ఆ గుండెలను కడిగి, వేరుగా కట్టి ఇచ్చేవాడు. ఒక్క పైసా తీసుకునేవాడు కాదు.

ఆ పొడుగు గొట్టం లేకపోతే అసలు పాఠమే లేదు. గజాలా గుండెను నిలబెట్టి పట్టుకొని, పెద్ద ధమనిలో గ్లాసుతో నీళ్ళు పోసేది. నీళ్ళు లోపలికి దిగవు. గొట్టంలోనే నిలబడతాయి. కింద కవాటాలు జేబుల్లా తెరుచుకొని దారి మూసేస్తాయి. "అయ్యో, దిగుతలెవ్వు మేడం!" అని పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చూసేవాళ్ళు. కెమిస్ట్రీ దాన్ని, నాకేం పని? నేనూ ఎగబడి చూసేదాన్ని. ఏ గది ఎడమదో ఎట్లా తెలుస్తుందని ఎవరైనా అడిగితే, "పిసికి చూడు. గట్టిగున్నది ఎడమ. ఒళ్ళంతటికి నెత్తురు తోలేది అదే గదా" అనేది.

అట్లాంటి ఒక రోజు పరశురాములు సారు అడ్మిషన్లకు వచ్చిన తల్లిదండ్రులను వెంటేసుకొని ల్యాబు ముందు నుంచి పోతున్నాడు. ఎవరో ఒకాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. సారు ముఖం మాడింది. లోపలికొచ్చి, పిల్లలందరి ముందు అన్నాడు:

"ఇది కాలేజా, కటిక దుకాణమా? నీ నాయిన చేసే పని ఆడ జెయ్యుమను. ఈడ గాదు."

గజాలా చేతిలోని ట్రే లాక్కొని, కిటికీలోంచి గుండెలను బయట మురికినీళ్ళు పారే మోరీలోకి విసిరేశాడు. ఆ తరువాత సింకు దగ్గరికి పోయి, పంపు విప్పి, సబ్బు పెట్టి, మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు. తొందరేం పడలేదు. తీరుబడిగా, అందరూ చూసేటట్టు కడుక్కున్నాడు. సాయంత్రానికి గజాలాను ఉద్యోగంలోంచి తీసేశాడు.

ఆమె ఏడ్వలేదు. గేటు దాకా నేనే సాగనంపాను. "శోభక్కా, ఆ చేతులు జ్ఞాపకం పెట్టుకో" అంది, అంతే.

ఇంట్లో మాత్రం అబద్ధం చెప్పింది. సర్కారు నౌకరీకి చదువుకోవాలని తానే మానేశానంది. "మరి పిల్లలకు గుండెలు?" అని ఖాసిం అడిగితే, సిలబస్ మారిందంది. ఆయన "అచ్ఛా" అన్నాడట, మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదట. నాన్న నమ్మాడనే గజాలా ధైర్యం. "అబ్బాకు ఎరుకైతే కత్తి పట్టుకునేటప్పుడల్లా అదే యాదికొస్తది అక్కా" అనేది నాతో.

చదివింది. నౌకరీ కొట్టింది. మహబూబ్‌నగర్ వైపు ఒక సర్కారు కాలేజీలో జువాలజీ లెక్చరర్ అయింది. పండుగలకు ఫోన్ చేసేది. బాగున్నవా అంటే బాగున్న అనేది, ఆ వెంటనే "మీ కాడికి ఈసారి ఎక్స్‌టర్నల్ ఎవరొస్తుండ్రు?" అనేది. ప్రాక్టికల్ పరీక్షకు బయటి కాలేజీ నుంచి వచ్చే ఎగ్జామినర్‌ను ఎక్స్‌టర్నల్ అంటాం. ప్రతి ఏడూ అదే ప్రశ్న. నేను పేరు చెబితే "అచ్ఛా" అని పెట్టేసేది. తండ్రి పోలికే.

మొన్న ఫిబ్రవరిలో మా జువాలజీ ఎక్స్‌టర్నల్ పేరు చదివి పరశురాములు సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి.

మా దగ్గర ప్రాక్టికల్ పరీక్షకు ఒక పద్ధతుంది. ఎక్స్‌టర్నల్ వస్తారు, ప్రిన్సిపాల్ గదిలో బిర్యానీ తింటారు, ఏసీ కింద ఒక కునుకు తీస్తారు, అందరికీ పూర్తి మార్కులేసి పోతారు. ల్యాబులో బల్ల మీద అంకెల చీటీలు అంటించి, ఒక్కో అంకె వెనక ఒక్కో సీసా పెడతారు. ఏ ఏడైనా అవే సీసాలు, అదే వరుస. ఒకటి ఏలికపాము, రెండు బద్దెపురుగు, మూడు జలగ, అట్లా పోయి పోయి చివర ప్లాస్టర్‌తో చేసిన గుండె బొమ్మ. ఈ వరుసను పిల్లలు ఎక్కాల్లాగ బట్టీ పడతారు. బల్ల దాకా నడిచిపోయి సీసాలో ఏముందో చూసే పని ఎవరికీ లేదు. వెనక బెంచీల మీద కూర్చొని రాసేస్తారు.

గజాలా తెల్లారగానే వచ్చింది. బిర్యానీ వద్దంది, టిఫిన్ డబ్బా తెచ్చుకుంది. పరశురాములు సారు "రాండ్రి మేడం, కూసోండ్రి మేడం" అంటూ వంగి వంగి నడుస్తుంటే, ఆమె ఆ మొహంకేసి చూడలేదు, చేతులకేసి చూసింది. తరువాత ల్యాబులోకి పోయి తలుపు దగ్గరేసుకుంది. పదినిమిషాల పని. చీటీలు ఎక్కడివక్కడే ఉంచి, సీసాలను మాత్రం జరిపింది. గుండె బొమ్మను తెచ్చి ఒకటో నంబరు వెనక పెట్టింది.

పిల్లలు వచ్చారు, కూర్చున్నారు, రాశారు. గజాలా కిటికీ దగ్గర నిలబడింది, ఆ కిటికీ దగ్గరే. ఎవరైనా లేచి బల్ల దగ్గరికి వస్తారేమోనని చివరిదాకా ఎదురుచూసింది. ఒక్కరూ లేవలేదు.

కాగితాలు తీసుకొని, పరశురాములు సారును పిలిపించింది. నేనూ వెనకాలే పోయాను, అట్లాంటి తమాషా ఎవరు వదులుకుంటారు? పైనున్న కాగితం గట్టిగా చదివింది: "ఒకటి. ఇది పొడవుగా, గుండ్రముగా, రెండు చివరల సన్నగా ఉండును. మనిషి పేగులలో నివసించును." చదివి గుండె బొమ్మను ఎత్తి చూపింది.

"సారూ, ఇది మనిషి పేగులల్ల ఉంటదా?"

రెండో కాగితం అదే, మూడోదీ అదే. ఆమె నిదానంగా ఒక్కొక్కటే చదువుతుంటే సారు మెడ మీద చెమట కాలరు దాకా దిగింది. ఆమెకు తొందర లేదు. ఆయనా ఆనాడు చేతులు తీరుబడిగానే కడుక్కున్నాడు కదా.

"ఈ కాగితాలకు ఎన్ని మార్కులొస్తయో మీరే చెప్పుర్రి. మీరు గూడ ఎమ్మెస్సీ జువాలజీనే గదా" అంది.

ఎన్నొస్తాయి? గుండు సున్నా వస్తుంది. బ్యాచ్ బ్యాచంతా ప్రాక్టికల్ తప్పుతుంది, గేటు మీది ఫ్లెక్సీ చిరుగుతుంది, జూన్‌లో అడ్మిషన్లు పడిపోతాయి. కుక్క కాటుకు చెప్పు దెబ్బ అంటే ఇదీ అనుకున్నాను. నా ఒళ్ళు పులకరించింది, నిజం చెబుతున్నాను.

అప్పుడు వెనక బెంచీ నుంచి స్వర్ణ లేచింది. కురుమోళ్ళ పిల్ల, మునుగోడు దిక్కు. వాళ్ళ అవ్వ గుర్వమ్మ గొర్లు కాసి చదివిస్తుంది. పశువుల డాక్టర్ కావాలని ఆ పిల్ల పట్టుదల.

"మేడం, నాకు గుండెనే కనవడ్డది" అంది. "తలకాయ లేపి సూసిన. గుండెనే అనుకున్న. గాని వరుస దప్పితే మార్కులు పోతయని సారు చెప్పిండు. అందుకే ఏలికపామని రాసిన. మాకు ఎవలు సూపెట్టిండ్రు మేడం? ఈ ల్యాబు తలుపు ఇయ్యాలనే తెరిసిండ్రు. మీకు మా మీద ఏం పగ?"

గజాలా చేతిలోని కాగితాలు కిందికి దిగాయి. ఎనిమిదేళ్ళుగా ఆమె ఈ రోజును వెయ్యిసార్లు మనసులో నడిపించుకొని ఉంటుంది. అందులో పరశురాములు సారు ఉన్నాడు, గుండెలున్నాయి, పంపు ఉంది. పిల్లలు లేరు. ఆమె మెత్తబడుతుందేమోనని నాకు భయం వేసింది. మెత్తబడలేదు. గురి మార్చుకుంది.

"సాయంత్రం దాక టైం నాది. పరీక్ష ఇంక అయిపోలే" అంది పిల్లలతో. "ఈ కాగితాలు పక్కకు పెడుతున్న. ఒక్కొక్కరు బల్ల కాడికి వచ్చి, సీసా చూసి, కనవడ్డది రాస్తరు. ఆఖరుకు గుండె. బొమ్మ గాదు, అసలుది." తరువాత సారు వైపు తిరిగింది. "గుండెలు కావాలె సారూ. నార్కట్‌పల్లి చౌరస్తల ఖాసిం దుకాణంల దొరుకుతయ్. గొట్టాలు పొడుగ్గ ఇడిసి పెట్టుమని ఇప్పుడే ఫోన్ చేసి చెప్త. మీరే పోయి తేవాలె. అటెండర్‌ను పంపితే ఒప్పుకోను."

"నేనా మేడం?"

"మీరే. శోభక్కా, నువ్వు ఎంబడి పో. వేరే దుకాణంల కొంటడేమో చూడు."

ఇది నిబంధనల్లో ఉందా అని నన్నడగకండి. చూడకుండా రాసినవాళ్ళకు పూర్తి మార్కులేయాలని కూడా నిబంధనల్లో లేదు.

కారులో బయలుదేరాం. నార్కట్‌పల్లి చౌరస్తాలో ఎండ మండుతోంది. ఖాసిం దుకాణం ముందు మనుషులున్నారు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాలో పరశురాములు సారు వాళ్ళ వెనక నిలబడ్డాడు. ఖాసిం తలెత్తి ఒకసారి చూశాడు. గడ్డం నెరిసింది గాని చెయ్యి మాత్రం అదే వేగం. ముందున్నవాళ్ళందరికీ ఇచ్చాడు. మా తరువాత వచ్చిన ముసలామె బిక్షమ్మకూ ఇచ్చి, ఆమె మనవడి పెళ్ళి ముచ్చట అంతా విన్నాడు. ఆ తరువాత కత్తి తుడిచి, "ఏం గావాలె సారూ?" అన్నాడు.

"గుండెలు. గజాలా మేడం పంపింది."

"బస్సు సప్పుడుల ఇనవడలే. ఎవరు పంపిండ్రు?"

చౌరస్తాలో అప్పుడు ఏ బస్సూ లేదు.

"గజాలా మేడం" అన్నాడు సారు, ఈసారి గట్టిగా. పక్క పాన్‌డబ్బా వాళ్ళు కూడా తిరిగి చూశారు.

ఖాసిం లోపలి నుంచి సంచి తెచ్చాడు. శుభ్రంగా కడిగిన గుండెలు, పైన గొట్టాలు పొడుగ్గా ఉన్నాయి. సారు జేబులో చెయ్యి పెడితే, ఖాసిం వద్దన్నట్టు తలాడించాడు. "పిల్లల సదువుకు పైసలు తీసుకోను" అన్నాడు. సంచి మూతి ముడేసి, రెండు చేతులతో అందిస్తూ, గొంతు ఏమాత్రం పెంచకుండా అన్నాడు:

"ఈసారి మోరీల పారెయ్యకుర్రి సారూ."

ఆ మాట ఆయన చెవిన ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో, నేనైతే చెప్పలేదు. సారు సంచిని ఒళ్ళో పెట్టుకొని కారులో కూర్చున్నాడు. నల్లగొండ వచ్చేదాకా దించలేదు.

ల్యాబులో పిల్లలు సీసాల చుట్టూ మూగి ఉన్నారు. జలగను చూసి ఒకమ్మాయి కిసుక్కున నవ్వుతోంది. తెలియనిచోట "కనవడలేదు" అని రాసినవాళ్ళున్నారు, వాళ్ళకు గజాలా మార్కులు వేస్తోంది. గుండెలు రాగానే ట్రేలో పెట్టించింది. "సారూ, జర నిలవెట్టి పట్టుకోండ్రి" అంది. ఆయన పట్టుకున్నాడు. ఆ చేతులే. గ్లౌజులు పిల్లలకే సరిపోయాయి. స్వర్ణ పొడుగు గొట్టంలో నీళ్ళు పోసింది. నీళ్ళు నిలబడ్డాయి. "దిగుతలెవ్వు!" అని గది గదంతా అరిచింది.

"ఏది ఎడమదో పిల్లలకు చూపెట్టుర్రి" అంది గజాలా.

ఆయన వేలు పెట్టాడు. స్వర్ణ అక్కడ పిసికి చూసింది, పక్కన పిసికి చూసింది. "ఇది మెత్తగున్నది సారూ. అది గట్టిగున్నది. అదే ఎడమది" అంది. ఎవరో నవ్వారు. ఆ నవ్వు బెంచీ బెంచీకీ పాకింది. ఎమ్మెస్సీ జువాలజీ సారు గుండెను పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు.

సాయంత్రం పిల్లలు పోయాక గజాలా నన్ను పక్కకు పిలిచింది. "అబ్బా ఏమన్నడు?"

చెప్పాను. మోరీ మాట కూడా చెప్పాను.

ఆమె స్టూలు మీద కూలబడింది. "ఆయనకు ఎరుకేనా?" అంది. "అప్పటి సంది ఎరుకేనా? నాకు బాధైతదని అడగలేదా?" అంతదాకా ఆమె ఏడవగా చూడని నేను ఆ రోజు చూశాను. నాన్నకు తెలియకూడదని కూతురు, కూతురికి తెలియకూడదని నాన్న, ఒకే దెబ్బను ఒకే ఇంట్లో చెరొక మూల దాచుకున్నారు. నాకు పరశురాములు సారు మీద కొత్తగా మళ్ళీ కోపం వచ్చింది.

అప్పుడే సింకు దగ్గర నీళ్ళ చప్పుడైంది. సారు పంపు విప్పి, సబ్బు తీసి, మోచేతుల దాకా నురుగు పెట్టుకుంటున్నాడు. గజాలా కొంగుతో కళ్ళు తుడుచుకొని లేచింది. తిన్నగా పోయి పంపు కట్టేసింది. ఆయన నురుగు చేతులతో ఆమె వైపు తిరిగాడు.

"అప్పుడే కడుక్కుంటే ఎట్ల సారూ?" అంది. "రేపు ఇంకో బ్యాచ్ ఉన్నది. గుండెలు మీరే తేవాలె."